గాస్కెట్ వేసిన కంప్యూటర్లు

మా ఆయనకు ఈ లోకంలో ఒక్కటే శత్రువు: తెరిచి వదిలేసిన తలుపు. ఫ్రిజ్ మెకానిక్కు మరి. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ఫ్రిజ్‌లు విప్పి, బిగించి, చల్లబరిచి, వచ్చేటప్పుడు అందరికీ ఒకే మాట చెప్పి వస్తారు. "మెషీన్ బాగానే ఉందండీ. తలుపు మూయడం అలవాటు చేసుకోండి, చాలు." ఇంట్లో నేను పాలగిన్నె తీస్తూ అరనిమిషం ఆలోచనలో పడ్డానంటే చాలు, ముందు గదిలోంచి కేక. "తలుపు మూయవే!" గోడ అవతలున్న మనిషికి ఎలా తెలుస్తుందో నాకింతవరకు అంతుపట్టలేదు. పెళ్ళైన కొత్తలో అదంతా నా మీద ప్రేమేమో అనుకున్నాను. కాదు, కంప్రెసర్ మీద.

మనిషి మాత్రం వెన్న. తలుపు సంగతి తప్ప ఇంక దేనికీ గొంతు పెంచరు. పనిలో ఆయనకొక పద్ధతి ఉంది. బాగుచేసిన ప్రతి ఫ్రిజ్ వెనకా మార్కర్‌తో తేదీ వేసి, కింద చిన్న సంతకం పెడతారు. ఆ సంతకం ఉన్న మెషీన్ మొరాయించిందని చెవిన పడితే, వాళ్ళు పిలవకముందే వెళ్ళి నిలబడతారు. "తప్పు నాదేనండీ" అని గుమ్మంలోనే ఒప్పేసుకుంటారు. ముందు లోపలికెళ్ళి చూసి ఆ తరవాత ఒప్పుకోండి మహానుభావా అని నేనెన్నిసార్లు మొత్తుకున్నానో! వింటేగా. ఒకసారి ఆ ఫ్రిజ్‌కి కరెంటు ప్లగ్గే పెట్టలేదట. అప్పటికే ఈయన తప్పు ఒప్పేసుకుని రెండు సార్లు క్షమాపణ కూడా చెప్పేశారు.

ఇక నా సంగతి. నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. రోజంతా పక్క సీట్లో కూర్చుని "మెల్లగా బాబూ, మెల్లగా, బ్రేకు, బ్రేకు, అది బ్రేకు కాదు!" అని అరిచి అరిచి ఇంటికొస్తాను. వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నానా, బ్రేకు అనే వస్తువు ఒకటుందన్న సంగతే మర్చిపోతాను. కార్ల పందెం ఆట. బల్లకు బిగించిన స్టీరింగు, కింద పెడల్స్, ఎదురుగా తెర. నలభై తొమ్మిదేళ్ళ మనిషి ఇలా ఆడటమేమిటని ముక్కున వేలేసుకునేవాళ్ళు వేసుకోవచ్చు. నా ముక్కు కాదుగా.

ఈ పిచ్చి నాకంటించింది మా తమ్ముడు. పై వాటాలో ఉంటాడు, వీధి చివర కళ్ళజోళ్ళ షాపు. ఇద్దరం ఒకే రోజు, ఒకే షాపులో, ఒకే రకం కంప్యూటర్లు కొన్నాం. ప్రతి ఆదివారం నాలుగింటికి వాడు పైన, నేను కింద, మధ్యలో ఒక స్లాబు. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళని వారమంతా ఏడిపించడం ఒప్పందం. అంతవరకు సరదాగానే ఉండేది. మధ్యలో నాన్న స్కూటర్ వచ్చి పడింది.

మెట్ల కింద ఉంటుంది ఆ స్కూటర్. నాన్న పోయి పదకొండేళ్ళయింది, అప్పట్నించీ కదల్లేదు. పదహారేళ్ళప్పుడు దాని మీదే నాకు బండి నేర్పారాయన. వెనక సీటు పట్టుకుని స్కూల్ మైదానమంతా పరిగెత్తుతూ, "నేను పట్టుకునే ఉన్నా, పోనీ, పోనీ" అనేవారు. తిరిగి చూస్తే ఎక్కడో దూరాన నడుం మీద చేతులేసుకుని ఆయాసపడుతూ నవ్వుతున్నారు. తమ్ముడి వంతు వచ్చేసరికి ఓపిక లేక "నీకు అక్క నేర్పుతుంది పో" అన్నారు. వాడికి నేర్పింది నేనే, వాడి మోకాలి మీద మచ్చ నా పుణ్యమే. కాబట్టి ఆ బండి నాదని నేను, తనదని వాడు.

ఒకరోజు వాడొచ్చి చల్లగా చెప్పాడు.

"అక్కా, స్కూటర్ నా షాపుకి తీసుకెళ్తున్నా. రంగు వేయించి అద్దాల వెనక నిలబెడతా. హ్యాండిల్ మీద, సీటు మీద కళ్ళజోళ్ళు పేరుస్తా. భలే ఉంటుంది."

"ఏం పేరుస్తావ్?"

"కళ్ళజోళ్ళు."

"నాన్న స్కూటర్ మీద?"

"మూల పడుండి తుప్పు పడుతోందిగా. అక్కడైతే నలుగురూ చూస్తారు."

నాకు ఒళ్ళు మండింది. ఆ మండటం వెనకాలే ఏడుపూ వచ్చింది, వాడికి కనపడనివ్వలేదంతే. ఆ బండి రోడ్డెక్కాలి. మళ్ళీ దాని చప్పుడు నేను వినాలి. దుకాణంలో నిలబెట్టి ముక్కుకి అద్దాలు తగిలించడానికి నాన్న దాన్ని అంత అపురూపంగా తుడుచుకోలేదు. ఇద్దరం మెట్ల దగ్గరే అరగంట అరుచుకున్నాం. చివరికి వాడే అన్నాడు, పందెంలో తేల్చుకుందాం అని. ఒకే ఆట, పన్నెండు రౌండ్లు, గెలిచినవాళ్ళదే స్కూటర్. నేను సై అన్నాను.

ఇక్కడొక చిక్కు. మా కంప్యూటర్లు రెండూ ముసలివైపోయాయి. మలుపు దగ్గర బొమ్మ ఒక క్షణం బిగుసుకుపోయి, కదిలేసరికి కారు గోడలో ఉండేది. ఓడిన ప్రతిసారీ నెపం మెషీన్ మీదే నెట్టేవాళ్ళం. స్కూటర్ పందెంలో ఆ సాకు కుదరదని ఒక షరతు పెట్టుకున్నాం. రెండింటికీ ఒకేలాంటి కొత్త గ్రాఫిక్స్ కార్డు వెయ్యాలి, ప్రాసెసర్ వేగం రెండింట్లోనూ సమానంగా పెంచాలి. చేసే మనిషి ఒక్కరే ఉండాలి, ఇద్దరికీ నమ్మకమైనవాడై ఉండాలి.

"బావ ఉన్నారుగా" అన్నాడు తమ్ముడు.

మా ఆయన అప్పటిదాకా కంప్యూటర్ అనే పెట్టెను విప్పి చూసిన పాపాన పోలేదు. అయినా మెషీన్ అని ఎవరైనా అంటే కాదనలేరు. తొమ్మిది రోజులు తన రిపేరు షాపులో కూర్చుని ఫోన్లో వీడియోలు చూశారు. నోట్‌బుక్‌లో బొమ్మలు గీసుకున్నారు. పదో రోజు సామాను సంచి, టేపు, టార్చి పట్టుకుని నా బల్ల కిందికి దూరారు.

ఆయన పని చూస్తే ముచ్చటేస్తుంది, నా మొగుడని చెప్పడం కాదు. కొత్త కార్డు పాతదానికన్నా బెత్తెడు పొడుగు. లోపల హార్డ్ డిస్కులు పెట్టే చట్రానికి కొట్టుకుంది. ఇంకొకరైతే బలంగా తోసేవారు. ఈయన టేపు పెట్టి కొలిచి, చట్రం విప్పేసి, డిస్కును పక్కకు మార్చి, కార్డును రెండు బొటనవేళ్ళతో సమానంగా నొక్కారు. టిక్కుమంది. ఆ చప్పుడికి ఆయన మొహం వెలిగింది. కరెంటు వైర్లు దానికి తగిలించి, మొత్తం ఎంత కరెంటు లాగుతోందో మీటరు పెట్టి చూసుకుని గానీ తృప్తి పడలేదు. ప్రాసెసర్ మీదకి పెద్ద ఫ్యానున్న కూలరు కూడా బిగించారు, మధ్యలో వేడిని కూలరుకి అందించే పేస్టు శనగగింజంత పెట్టి.

తరవాత వేగం పెంచడం. దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారట. కంపెనీవాడు ప్రాసెసర్‌ని ఇంత వేగంతో పరిగెత్తమని పెడితే, మనం సెట్టింగుల్లోకి వెళ్ళి ఇంకాస్త పరిగెత్తిస్తాం. "గ్యాస్ ఎక్కించినట్టేనే. కొంచెం, కొంచెం, ఆగి చూడాలి" అంటూ ఒక్కో మెట్టూ పెంచారు. ఒకసారి ఆశపడి రెండు మెట్లు పెంచేసరికి తెర నల్లగా అయిపోయి కంప్యూటర్ లేవనంది. ఆయన తాపీగా లోపలున్న బిళ్ళ బ్యాటరీ ఊడదీసి, కాసేపాగి మళ్ళీ పెట్టారు. అది మొదటికొచ్చింది. "దీనికి ఇంతే చాలు" అని ఒక మెట్టు తగ్గించి ఆపారు. మూత తీసే ఉంచి పావుగంట పరీక్ష పెట్టారు. తెర మూల వేడి అంకె డెబ్బై దాటలేదు.

ఇదంతా బంగారంలా ఉంది. అక్కడితో ఆగితే ఆయన మా ఆయనెందుకవుతారు?

మర్నాడు నేను స్కూల్ నుంచి వచ్చేసరికి కేబినెట్టుకి మూత బిగించేసి ఉంది. మూత అంచు చుట్టూ తెల్లగా ఏదో మెరుస్తోంది.

"ఏమండీ, ఏంటిది?"

"డోర్ గాస్కెట్" అన్నారు గర్వంగా. ఫ్రిజ్ తలుపుకి చుట్టూ ఉండే రబ్బరు. "మొత్తం సందులేనే ఆ పెట్టెకి. ముందు చిల్లులు, పైన చిల్లులు, పక్కన చిల్లులు. ఎవడు తయారు చేశాడో గానీ తలుపంటే లెక్కే లేదు. చల్లదనం ఒక్క నిమిషం ఆగుతుందా అందులో? అన్నీ మూసేశా. చిల్లుల మీద ఫోమ్ అంటించా."

"గాలి ఆడొద్దా?"

"లోపల ఫ్యాన్లున్నాయిగా. ఫ్రిజ్‌లో మాత్రం ఏముంటుంది?"

ముప్ఫై ఏళ్ళ అనుభవం అలా మాట్లాడుతుంటే నేనేం అంటాను? పైగా ఆయన కాగితం పరీక్ష కూడా చేసి చూపించారు. ఫ్రిజ్ తలుపుల మధ్య కాగితం ముక్క పెట్టి మూసి లాగుతారు, తేలిగ్గా వచ్చేస్తే రబ్బరు పోయినట్టు లెక్క. ఇక్కడ కాగితం చిరిగింది గానీ రాలేదు. ఆయన మురిసిపోయి పక్కన తేదీ వేసి సంతకం పెట్టారు. షరతు షరతే కాబట్టి పైకెళ్ళి తమ్ముడి మెషీన్‌కీ అచ్చం అలాగే చేసొచ్చారు. వాడు చూసి "బావా, కొత్త ఫ్రిజ్‌లా ఉంది" అన్నాడట. ఆయన అదో పెద్ద మెప్పుగా తీసుకున్నారు.

ఫ్రిజ్‌లో చల్లదనం లోపల పుడుతుంది, వేడి వెనక నుంచి బయటికి పోతుంది. కంప్యూటర్లో లోపల పుట్టేదే వేడి. ఈ ముక్క ఆలోచించడానికి మా ఇంట్లో ఒక మెకానిక్కు, ఒక డ్రైవింగ్ టీచరు, పైన ఒక కళ్ళజోళ్ళాయన ఉండి, ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. రెండేసి రౌండ్లు ఆడి చూసుకున్నాం, పట్టులా సాగింది. ఆహా ఓహో అనుకున్నాం.

ఆదివారం నాలుగైంది. నేను జుట్టు ముడేసుకుని కూర్చున్నాను. మా ఆయన నా పక్కన స్టూలు మీద, చెయ్యి కేబినెట్ మీద వేసి. మెషీన్‌ని తాకి చూడటం ఆయనకలవాటు. పైన మా మరదలు నేల మీద కాలితో మూడుసార్లు తట్టింది. మొదలు.

అయిదు రౌండ్లు నేనే ముందు. కొత్త కార్డు పుణ్యమా అని రోడ్డు మీద చెట్ల నీడలు కూడా కనిపిస్తున్నాయి. తమ్ముడి నీలం కారు నా వెనకాలే, అద్దంలో. పైనుంచి వాడి తిట్లు కిటికీలోంచి స్పష్టంగా వినిపిస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆరో రౌండులో మలుపు తిరుగుతుంటే బొమ్మ ఒక్కసారి ఆగి కదిలింది. కారు గడ్డిలోకి పోయింది.

"ఏమైంది?" అన్నాను.

మళ్ళీ ఆగింది. మళ్ళీ గడ్డి. నీలం కారు సర్రుమని నన్ను దాటిపోయింది. తెర మూల అంకె చూస్తే తొంభై ఆరు.

"ఏమండీ! తొంభై ఆరు!"

మా ఆయన కేబినెట్ మీదున్న చేతిని పక్కకి, పైకి, వెనక్కి జరుపుతున్నారు. ఎటు ముట్టుకున్నా కాలుతోంది. ఆయన మొహంలో రంగు మారడం నేను కళ్ళారా చూశాను.

"ఫ్రిజ్ వెనకవైపులా ఉందే" అన్నారు నెమ్మదిగా. "నాలుగు పక్కలా వెనకవైపులాగే ఉంది."

"అంటే?"

"తప్పు నాదే."

"ఒప్పుకోవడం తరవాత! ఏదో ఒకటి చెయ్యండి ముందు!"

ఆయన స్క్రూడ్రైవర్ కోసం కూడా చూడలేదు. గాస్కెట్ కొస పట్టుకుని లాగారు. పర్రున చిరిగింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని అంగుళం అంగుళం అంటించిన రబ్బరు అది. ఫోమ్ పీకేశారు, మూత ఊడబెరికారు. లోపల్నుంచి వేడిగాలి నా మోకాలికి కొట్టింది. బతుకులో మొదటిసారి మా ఆయన ఒక తలుపు తెరిచి, తెరిచే ఉంచారు. అంకె తొంభై, ఎనభై నాలుగు, డెబ్బై ఎనిమిది. రోడ్డు మళ్ళీ సాఫీ అయింది. నేను బ్రేకు మాట మరిచాను.

తొమ్మిదో రౌండులో పైనుంచి పొలికేక. "ఏంటిది? కదలదేం?" తమ్ముడి కంప్యూటర్ కిటికీ పక్కనుంటుంది, అందుకని కాస్త ఆలస్యంగా ఉడికింది, అంతే తేడా. నీలం కారు గడ్డిలో పొర్లుతోంది. నేను దాన్ని దాటి వెళ్తూ చెయ్యి కూడా ఊపాను. స్కూటర్ చప్పుడు నా చెవుల్లో వినపడటం మొదలైంది.

పక్కన స్టూలు జరిగిన చప్పుడు.

"ఎక్కడికండీ?"

"పైన కూడా అంతేగా. మూసింది నేనేగా."

"కూర్చోండి."

"నా సంతకం ఉందే దాని మీద."

"మూడు రౌండ్లు! మూడే మూడు రౌండ్లు ఆగి ఒప్పుకుంటే సంతకం చెరిగిపోతుందా? అది మా నాన్న స్కూటరండీ!"

ఆయన నా వంక ఒక్క క్షణం చూశారు. జాలిగానే చూశారు. చూసి, చెప్పుల్లేకుండా మెట్లెక్కి పరిగెత్తారు. యాభై ఆరేళ్ళ మనిషి, రెండేసి మెట్లు. నాకు కోపం నషాళానికంటింది. కట్టుకున్నవాడు, నా ఉప్పు తిన్నవాడు, నా శత్రువు తలుపు తియ్యడానికి పరిగెత్తడం చూస్తూ స్టీరింగ్ వదల్లేక కూర్చున్నాను.

పైన తలుపు చప్పుడు. "బామ్మర్దీ, కాళ్ళు తియ్యి!" పర్రు పర్రుమని రబ్బరు చిరగడం. "బావా, అడ్డం, అడ్డం!" ఏదో కింద పడింది. ఒక నిమిషం తరవాత అద్దంలో నీలం చుక్క కనిపించింది. పదకొండో రౌండు సగానికి అది కారైంది. పన్నెండో రౌండులో నా పక్కనే ఉంది. చివరి మలుపు. వాడు లోపలి వైపు, నేను బయట వైపు. ఊపిరి బిగబట్టి కాలు నేలకు అంటుకుపోయేలా నొక్కాను. గీత దాటాం.

నేను ముందు. అరసెకను.

కుర్చీలోంచి లేచి ఎంత గట్టిగా అరిచానంటే ఎదురింటి వాళ్ళు కిటికీ మూసుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన పరిగెత్తకపోతే అర రౌండు తేడాతో గెలిచేదాన్ని, జన్మంతా వాడు మెషీన్ పాడైందని సణిగేవాడు. ఇప్పుడేం సణుగుతాడు? రెండూ తెరిచే ఉన్నాయి. ఆ అరసెకను అచ్చంగా నాది, ఎవరూ లాక్కోలేరు.

అలా అనుకుంటూ ఉండగానే తమ్ముడు ధనధనా మెట్లు దిగొచ్చాడు. వెనకాలే మా ఆయన, రెండు చేతుల నిండా చిరిగిన రబ్బరు.

"చెల్లదు!" అన్నాడు తమ్ముడు. "మూత పీకేటప్పుడు బావ మోచెయ్యి నా స్టీరింగ్‌కి తగిలింది. కారు పక్కకి పోయింది. అరసెకను అక్కడే పోయింది."

"వేడెక్కి ఆగుంటుంది" అన్నాను.

"ఆగడం వేరు, తిరగడం వేరు. నాకు తెలీదా? బావా, మీరే చెప్పండి."

మా ఆయన రబ్బరు ముక్కలు చుట్టలు చుడుతున్నారు. "మూత గట్టిగా ఉంది రా" అన్నారు.

"అది కాదు, తగిలిందా లేదా?"

"నాలుగు పక్కలా అంటించా కదా. కాగితం కూడా రాలేదు."

మరదల్ని అడిగితే, తను ఆ సమయానికి వంటింట్లో టీ పెడుతోందట. "అన్నయ్య పరిగెత్తుకుంటూ రావడం చూశా, అంతే" అంది. సాక్ష్యం లేదు. వారం రోజులు మొహం మాడ్చుకుని తిరిగి, చివరికి తమ్ముడే మెట్ల కిందికొచ్చి స్కూటర్ మీద దుమ్ము దులిపాడు. మా ఆయన నాలుగు సాయంత్రాలు దానితో కుస్తీ పట్టారు. ఆదివారం బయటికి తీశాం. నేను హ్యాండిల్ పట్టుకుని, ఆయన వెనక సీట్లో. అది ఎంతకీ లేవకపోతే తమ్ముడు వెనక నుంచి తోశాడు, తిట్టుకుంటూనే. వీధి సగం దాటాక ఒక్కసారి దగ్గి, చప్పుడు చేసింది. అదే చప్పుడు. నేను వెనక్కి తిరిగి చూశాను. తమ్ముడు నడుం మీద చేతులేసుకుని ఆయాసపడుతూ నవ్వుతున్నాడు. వాడు అచ్చం నాన్నలా నిలబడతాడని నాకు అప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చాక ఇక ఉండబట్టలేకపోయాను. ఆయన ముందు గదిలో పేపర్ చూస్తున్నారు. నేను వంటింట్లో నిలబడి అడిగాను.

"ఏమండీ. తప్పు లేకపోయినా ఒప్పుకునే మనిషి కదా మీరు. ఇన్నాళ్ళైంది, ఇది మాత్రం ఒప్పుకోరు, కాదనరు. నిజం చెప్పండి, మోచెయ్యి తగిలిందా? తగిలించారా?"

పేపర్ తిప్పిన చప్పుడు.

"ముందా ఫ్రిజ్ తలుపు మూయవే" అన్నారు.

నేను ఫ్రిజ్ తెరవనేలేదు.